ఆదివారం ఉదయం తారుమారవుతున్న లెక్కలు: డేటాబేసు ప్రాసెస్‌ల తాత్కాలిక ఫైళ్ళ పేర్లు ఢీకొంటున్నాయా?

పలాస_లెక్కలు (పలాస) · ఆదివారం ఉదయం 9.20

సభ్యులందరికీ నమస్కారం. పలాసలో ఆరు జీడిపప్పు యూనిట్లకు లెక్కల సాఫ్ట్‌వేర్ చూసే పని నాది. ప్రతి యూనిట్‌కూ దాని డేటాబేసు దానికి ఉంది. రాత్రి రోజు మూసివేత అయ్యాక, ఏ లాటు నుంచి డబ్ల్యూ 240 గ్రేడు పప్పు ఎన్ని డబ్బాలు వచ్చాయో, డబ్ల్యూ 320 ఎన్ని వచ్చాయో, బద్ద ఎంతో, ముక్క ఎంతో శ్రీకాకుళంలో ఉన్న ప్రధాన సర్వరుకు చేరాలి. అన్ని చోట్లా డేటాబేసు సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్సే. ప్రధాన సర్వరు మీద ఒక బాష్ స్క్రిప్టు (లైనక్సు ఆజ్ఞలను వరుసగా నడిపే ఫైలు) ఈ పని చేస్తుంది.

మొదట్లో ఈ స్క్రిప్టు యూనిట్లను ఒకదాని తరువాత ఒకటిగా తీసుకునేది. ఒక యూనిట్ మూసివేత ఆలస్యమైతే మిగిలినవన్నీ దాని వెనుక నిలబడిపోయేవి కనుక, మూడు వారాల క్రితం ఆరింటినీ ఒకేసారి నడిచేలా మార్చాను. ఒక్కొక్క యూనిట్‌కు ఒక సబ్‌షెల్ (స్క్రిప్టు పుట్టించే పిల్ల షెల్) వెనుక నడుస్తూ, ఆ యూనిట్ మూసివేత అయ్యేదాకా ఆగి, డేటాను టెంప్ డైరెక్టరీలో "జాబితా_$$" అనే ఫైలులోకి తీసుకుని, ఆ యూనిట్ కోడుతో ప్రధాన డేటాబేసులోకి కాపీ ఆజ్ఞతో ఎక్కించి, చివర ఫైలును తీసేస్తుంది. రెండు డాలర్ గుర్తులు ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) సంఖ్యను ఇస్తాయి కాబట్టి పేర్లు కలిసే ప్రశ్నే లేదనుకున్నాను.

మూడు ఆదివారాలుగా ఒక యూనిట్ డబ్బాలు మరో యూనిట్ ఖాతాలో కనిపిస్తున్నాయి. ఈ రోజైతే ఒక ఫైలు అసలు ఎక్కనే లేదు. సున్నా బైటు చెల్లదని పోస్ట్‌గ్రెస్ తిప్పికొట్టింది. ఆ ఫైలు తెరిచి చూస్తే మొదట్లో ^@ గుర్తులు (సున్నా బైట్లు ఇలా కనిపిస్తాయి) బారులు తీరి ఉన్నాయి, వాటి తరువాత ఒక వరుస సగం నుంచి మొదలైంది. డేటాబేసు సర్వరు ప్రాసెస్‌లే లోపల ఒకరి తాత్కాలిక ఫైలు ఒకరు వాడుకుంటున్నాయేమోనని నా అనుమానం. అలా జరగడానికి వీలుందా?

---

గంటస్తంభం_దగ్గర (విజయనగరం) · ఆదివారం ఉదయం 10.45

పలాస గారూ, పోస్ట్‌గ్రెస్ మీద అనుమానం ముందు తీసేద్దాం.

ఒక క్వెరీలో సార్టు గానీ హాష్ గానీ వర్క్ మెమ్ అనే మెమరీ పరిమితిని దాటితే (మార్చకపోతే అది 4 ఎంబీ), పోస్ట్‌గ్రెస్ ఆ డేటాను డిస్కు మీదికి దింపుతుంది. ఆ ఫైళ్ళు మీరు చెబుతున్న ఉమ్మడి టెంప్ డైరెక్టరీలోకి రావు. డేటా డైరెక్టరీలోని బేస్ కింద "పీజీఎస్‌క్యూఎల్_టీఎంపీ" అనే సొంత డైరెక్టరీలో ఉంటాయి. ముందు ఆ డైరెక్టరీ పేరే, తరువాత బ్యాకెండ్ (ఒక్కొక్క కనెక్షన్‌కు సర్వరు పెట్టే ప్రాసెస్) సంఖ్య, చుక్క, ఆ ప్రాసెస్ సొంతంగా పెంచుకుంటూ పోయే లెక్క: ఇదీ వాటి పేరు. 4312 అనే ప్రాసెస్ మూడు ఫైళ్ళు తెరిస్తే 4312.0, 4312.1, 4312.2 అవుతాయి. ఒకే యంత్రం మీద ఒకే సమయంలో బతికి ఉన్న రెండు ప్రాసెస్‌లకు ఒకే సంఖ్య ఉండదు, ఒక ప్రాసెస్ లోపల లెక్క వెనక్కు తిరగదు. అందువల్ల అక్కడ ఢీకొనే అవకాశం లేదు.

తాత్కాలిక టేబుళ్ళ సంగతి వేరు. వాటి ఫైలు పేరు "టీ" అక్షరంతో మొదలై, బ్యాకెండ్ గుర్తింపు సంఖ్య, అండర్‌స్కోర్, ఫైల్‌నోడ్ సంఖ్య కలిసి ఉంటుంది. అందుకే ఆరు సెషన్లు ఒకే పేరుతో తాత్కాలిక టేబులు సృష్టించుకున్నా ఎవరిది వారికే ఉంటుంది.

నా చూపు మీ స్క్రిప్టు మీద ఉంది. ప్రతి సబ్‌షెల్ మొదట్లో యూనిట్ కోడు, $$ విలువ ఒక లాగ్ ఫైలులో రాయించి, ఆ ఆరు వరుసలు ఇక్కడ పెట్టగలరా? అలాగే, తప్పులు ఆదివారాలే ఎందుకు వస్తున్నాయి? శనివారం రాత్రి మీ యూనిట్లలో ప్రత్యేకంగా ఏం జరుగుతుంది?

---

పలాస_లెక్కలు · ఆదివారం మధ్యాహ్నం 12.10

శనివారం కూలీల బట్వాడా అండి. మామూలు రోజుల్లో ఒక యూనిట్ ఏడింటికి మూస్తే, మరొకటి తొమ్మిదిన్నరకు మూస్తుంది. శనివారం మాత్రం బట్వాడా లెక్క తేలేదాకా ఎవరూ మూయరు, తేలగానే ఆరుగురూ పావుగంట తేడాలో మూసేస్తారు. మీరు అడిగేదాకా నాకు ఈ రెండింటికీ సంబంధం తట్టలేదు.

లాగ్ చూసి నిర్ఘాంతపోయాను. ఆరు వరుసల్లోనూ ఒకటే సంఖ్య, 21874. ఆరు సబ్‌షెల్‌లు ఆరు ప్రాసెస్‌లని ప్రాసెస్‌లను చూపే టాప్ ఆజ్ఞలో కళ్ళారా చూశాను. మరి సంఖ్య ఒకటే ఎలా అయింది?

---

బొబ్బిలి_వీణ (బొబ్బిలి) · ఆదివారం మధ్యాహ్నం 1.30

ఇది బాష్ తప్పు కాదు, బాష్ మాన్యువల్లో స్పష్టంగా రాసి ఉన్న సంగతే, కానీ చాలామంది ఇక్కడే పడతారు. కుండలీకరణాల్లో పెట్టి వెనుక నడిపించే సబ్‌షెల్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టం గుండె) దృష్టిలో కొత్త ప్రాసెసే, దానికి కొత్త సంఖ్యే ఉంటుంది. అయినా $$ అనేది మాత్రం అసలు స్క్రిప్టును మొదలుపెట్టిన షెల్ సంఖ్యనే చెబుతుంది. సబ్‌షెల్ సొంత సంఖ్య కావాలంటే బాష్‌పిడ్ అనే చరరాశిని అడగాలి. మీ స్క్రిప్టు ఒకదాని తరువాత ఒకటిగా నడిచిన రోజుల్లోనూ అన్ని యూనిట్లూ ఒకే పేరును వాడాయి. ఒకటి ఫైలు తీసేశాకే మరొకటి తెరిచేది కనుక అప్పుడు బయటపడలేదు.

ఆ ^@ గుర్తుల సంగతి ఇంకా ఆసక్తికరమైనది. ఒక పెద్ద యూనిట్ సబ్‌షెల్ ఫైలు తెరిచి 400 కేబీ రాసిందనుకోండి. ఇంకా రాస్తూనే ఉంది. అదే సమయంలో మరో యూనిట్ మూసివేత అయింది. దాని సబ్‌షెల్ అదే పేరును ">" గుర్తుతో తెరిచింది. ఆ గుర్తుకు ఉన్న ఫైలును ఖాళీ చేసి తెరవమని అర్థం కాబట్టి ఫైలు పరిమాణం సున్నా అయిపోయింది. కానీ మొదటి ప్రాసెస్‌కు ఈ విషయం తెలియదు. తాను ఎక్కడిదాకా రాసిందో దాని ఫైల్ డిస్క్రిప్టరు గుర్తుపెట్టుకుని ఉంటుంది కాబట్టి, తరువాతి ముక్కను 400 కేబీ స్థానం నుంచే రాస్తుంది. ముందున్న 400 కేబీ ఖాళీ గొయ్యిగా మిగులుతుంది, చదివేవారికి ఆ గొయ్యి సున్నా బైట్లుగా కనిపిస్తుంది. రెండో ప్రాసెస్ తన 90 కేబీని మొదటి నుంచి నింపాక కూడా మధ్యలో 310 కేబీ సున్నాలు అలాగే ఉంటాయి. రాత బఫరు నిండినప్పుడల్లా ముక్కలుగా దిగుతుంది, వరుస చివర చూసుకుని దిగదు. అందువల్ల గొయ్యి దాటాక వరుస సగం నుంచి మొదలవుతుంది. మీరు చూసింది సరిగ్గా ఇదే.

సున్నాలు ఉన్న ఫైలును పోస్ట్‌గ్రెస్ తిప్పికొట్టింది, ఎందుకంటే దాని పాఠ్య రకాల్లో సున్నా బైటుకు చోటు లేదు. అంటే ఈ రోజు మీ అదృష్టం బాగుంది. భయపడవలసింది గత రెండు ఆదివారాల గురించి. ఆ రోజుల్లో రెండో ఫైలు మొదటిదాన్ని పూర్తిగా కప్పేసి ఉంటుంది, రెండు సబ్‌షెల్‌లూ అదే ఫైలును చదివి, ఒకటి తన యూనిట్ కోడుతో, మరొకటి తన యూనిట్ కోడుతో ఎక్కించి ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ దృష్టిలో అందులో తప్పేమీ లేదు.

---

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం) · ఆదివారం మధ్యాహ్నం 2.15

నేను ఈ రంగంలో కొత్తవాడిని, తప్పుంటే దిద్దండి. పేరులో ప్రాసెస్ సంఖ్యకు బదులు సమయం పెట్టి, తెరిచే ముందు ఆ పేరుతో ఫైలు ఉందో లేదో ఒకసారి చూసుకుంటే సరిపోదా? ఉంటే చివర ఒకటి, రెండు అని కలుపుకుంటూ పోవచ్చు.

---

పొందూరు_నూలు (పొందూరు) · ఆదివారం సాయంత్రం 5.40

బాబూ, నలభై ఏళ్ళ క్రితం సీ లైబ్రరీ రాసినవారికీ ముందు ఇదే తట్టింది. కనుక తప్పు అడిగావని అనుకోవద్దు.

"ఉందా?" అని అడగడం ఒక పని, "తెరువు" అనడం మరో పని. ఈ రెండింటి మధ్య కెర్నెల్ మరో ప్రాసెస్‌కు వంతు ఇవ్వవచ్చు. ఇద్దరూ అడుగుతారు, ఇద్దరికీ లేదనే జవాబు వస్తుంది, ఇద్దరూ తెరుస్తారు. పాత టెంప్‌నామ్, ఎంకేటెంప్ ఫంక్షన్లలోని లోపం ఇదే. అవి పేరు మాత్రమే చెబుతాయి, ఫైలును సృష్టించవు. పైథాన్‌లో కూడా ఎంకేటెంప్‌ను 2.3 వెర్షన్ నుంచే వాడవద్దంటున్నారు. 4.3బీఎస్‌డీ అనే పాత యూనిక్స్ పద్ధతిని అనుసరించిన ఎంకేటెంప్‌లు ప్రాసెస్ సంఖ్యకు ఒకే ఒక అక్షరం చేర్చేవి కాబట్టి, ఒక ప్రాసెస్‌కు దొరికే పేర్లు 26కు మించేవి కావు. సెకన్లలో సమయం పెట్టడం అంతకంటే బలహీనం. పావుగంటలో ఆరు మూసివేతలంటే రెండు ఒకే సెకనులో పడడం రోజూ జరగకపోవచ్చు, కానీ జరిగిన రోజున కారణం దొరకదు.

సరైన పద్ధతిలో అడగడమూ తెరవడమూ ఒకే సిస్టమ్ కాల్‌లో జరుగుతాయి. ఓపెన్ కాల్‌కు "సృష్టించు" అనే ఫ్లాగ్‌తో పాటు "ఎక్స్‌క్లూజివ్" అనే ఫ్లాగ్ కూడా ఇస్తే, ఆ పేరుతో ఏదైనా ఉన్న పక్షంలో కెర్నెల్ తెరవదు, ఇప్పటికే ఉందనే దోషం చూపిస్తుంది. చివర సింబాలిక్ లింకు ఉన్నా సరే తిరస్కరిస్తుంది. ఇద్దరు ఒకేసారి అడిగినా ఒక్కరికే దక్కుతుంది. రెండోవారు మరో పేరుతో ప్రయత్నించాలి. ఎంకేఎస్‌టెంప్ చేసేది అదే. చివర ఆరు ఎక్స్ అక్షరాలున్న నమూనా ఇస్తే, వాటి స్థానంలో యాదృచ్ఛికమైన అక్షరాలు పెట్టి, ఎక్స్‌క్లూజివ్‌గా తెరిచి, మనకు పేరుతో పాటు తెరిచిన ఫైలునే చేతికి ఇస్తుంది. లైనక్సులో మామూలుగా ఉండే సీ లైబ్రరీ జీ లిబ్‌సీలో ఒక్కొక్క స్థానానికి 62 అక్షరాలు, మొత్తం 5,680 కోట్లకు పైగా పేర్లు. అంత పెద్ద సంఖ్య చూసి ఇక ఢీకొనవని మురిసిపోవడం పొరపాటు. సుమారు 2,80,000 పేర్లు ఒకేసారి ఉంటే, వాటిలో ఏవో రెండు కలిసే అవకాశం సగానికి సగం ఉంటుంది. మనల్ని కాపాడేది ఎక్స్‌క్లూజివ్ ఫ్లాగే, యాదృచ్ఛికత్వం మళ్ళీ మళ్ళీ ప్రయత్నించే శ్రమను తగ్గిస్తుంది, అంతే.

మా ఊళ్ళో పెళ్ళి భోజనాల దగ్గర "అప్పన్నా" అని పిలిస్తే నలుగురు తల తిప్పుతారు. ఎవరింటి అప్పన్నో చెప్పాలి. పేరు అడిగి పిలవడం కాదు, ఒక్క అప్పన్ననే లోపలికి రానిచ్చే గుమ్మం ఉండాలి.

---

గంటస్తంభం_దగ్గర · ఆదివారం రాత్రి 8.05

పొందూరు మాస్టారు చెప్పినదానికి ఒక విశేషం కలపాలి, ఎందుకంటే పైకి చూస్తే విరుద్ధంగా కనిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్ తన తాత్కాలిక ఫైళ్ళను తెరిచేటప్పుడు ఎక్స్‌క్లూజివ్ ఫ్లాగ్ వాడదు. సోర్సు కోడులో అక్కడే వ్యాఖ్య కూడా ఉంది: గతంలో ఎవరూ తీసేయకుండా మిగిలిపోయిన అనాథ ఫైలు ఉంటే దాన్నే తిరిగి వాడుకునేందుకు కావాలనే వాడలేదని.

ఇది ఎలా చెల్లింది? ఆ డైరెక్టరీలోకి ఆ సర్వరు ప్రాసెస్‌లు తప్ప వేరెవరూ రారు. అదే డేటా డైరెక్టరీ మీద రెండో సర్వరు లేవకుండా పోస్ట్‌మాస్టర్ (సర్వరు ప్రధాన ప్రాసెస్) లాక్ ఫైలు కాపలా ఉంటుంది, ఆ లాక్ ఫైలును మాత్రం సృష్టించేటప్పుడు ఎక్స్‌క్లూజివ్ ఫ్లాగ్‌తోనే తెరుస్తారు. గుమ్మం దగ్గర కట్టుదిట్టం ఉంది కాబట్టి లోపలి గదుల తలుపులకు తాళం వేయలేదన్నమాట. అలాంటి సొంత డైరెక్టరీలో ప్రాసెస్ సంఖ్య పేరుగా చాలు. ఉమ్మడి టెంప్ డైరెక్టరీలో చాలదు, అక్కడ ఎవరైనా రాయవచ్చు.

సమాంతర హాష్ వచ్చిన 11వ వెర్షన్ నుంచి కొన్ని ఫైళ్ళను అనేక ప్రాసెస్‌లు పంచుకోవలసి వచ్చింది. అక్కడ మొత్తం సమూహానికి ఒక ఉపడైరెక్టరీ పెట్టి, దానికి మొదలుపెట్టిన ప్రాసెస్ సంఖ్యతో పేరు పెట్టారు. ఇక అనాథ ఫైళ్ళ విషయానికి వస్తే, మామూలుగా సర్వరును మళ్ళీ మొదలుపెట్టినప్పుడు అవి తొలగిపోతాయి. ఒక బ్యాకెండ్ క్రాష్ అయి సర్వరు తనంతట తాను కోలుకున్నప్పుడు మాత్రం పాత వెర్షన్లలో అవి డిస్కు మీదే ఉండిపోయేవి. క్రాష్ తరువాత కూడా తీసేసే సెట్టింగు 14వ వెర్షన్‌లో వచ్చింది.

---

రాజాం_రోడ్డు (రాజాం) · ఆదివారం రాత్రి 9.25

బాష్‌పిడ్ పెట్టేస్తే పని అయిపోయినట్టే అని ఎవరైనా అనుకునేలోపు నా అనుభవం చెబుతాను. మా దగ్గర ఒక ఎగుమతి ప్రోగ్రాము రెండు కంటైనర్లలో (ఒకే యంత్రం మీద విడివిడిగా మూసి నడిపే పెట్టెల్లో) నడిచేది, రెండింటికీ బయటి నుంచి ఒకే డైరెక్టరీని టెంప్‌గా తగిలించారు. ఆ ప్రోగ్రాము ఫైలు పేరులో ప్రాసెస్ సంఖ్యనే పెట్టేది, షెల్ చిక్కులు కూడా లేవు, సీలో రాసినదే. కానీ ప్రతి కంటైనర్‌కూ ప్రాసెస్ సంఖ్యల లోకం వేరు కాబట్టి, రెండింటిలోనూ ప్రధాన ప్రాసెస్ సంఖ్య 1. రెండూ "ఎగుమతి_1" అనే ఫైలునే రాశాయి. కారణం పట్టుకోవడానికి నాకు నాలుగు రాత్రులు పట్టింది. హోస్టు మీద నిలబడి చూస్తే సంఖ్యలు వేరుగానే కనిపిస్తాయి మరి.

కంటైనర్లు లేకపోయినా ప్రాసెస్ సంఖ్య శాశ్వతం కాదు. లైనక్సులో చాలాకాలం మామూలు గరిష్ఠ పరిమితి 32,768గా ఉండేది. 64 బిట్ యంత్రాల్లో దాన్ని 41,94,304 దాకా పెంచుకోవచ్చు. చివరికి చేరితే మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. నిన్న చచ్చిపోయిన ప్రాసెస్ వదిలేసిన ఫైలు పేరే ఈ రోజు మరో ప్రాసెస్‌కు రావచ్చు.

మరో మాట. పోస్ట్‌గ్రెస్ లాక్ ఫైలు కాపలా కూడా ఇక్కడ మోసపోతుంది. రెండు కంటైనర్లకు ఒకే డేటా డైరెక్టరీ ఇస్తే, రెండోది లాక్ ఫైలులో 1 అనే సంఖ్య చూసి, అది తన సంఖ్యే కాబట్టి పాత ఫైలని భావిస్తుంది. అలా ఎన్నడూ చేయవద్దు.

---

నాగావళి_ఒడ్డు · ఆదివారం రాత్రి 9.50

అర్థమైంది, ధన్యవాదాలు. ప్రాసెస్ సంఖ్య వదిలేసి, ప్రోగ్రాములో ఒక యాదృచ్ఛిక సంఖ్య పుట్టించి పేరులో పెడితే?

---

పొందూరు_నూలు · ఆదివారం రాత్రి 10.15

అందులోనూ ఒక గుంట ఉంది. ప్రోగ్రాము మొదట్లో యాదృచ్ఛిక సంఖ్యలకు బీజం వేసి, తరువాత ఫోర్క్‌తో ఆరు పిల్ల ప్రాసెస్‌లు పుట్టిస్తే, ఆరింటికీ తల్లి జ్ఞాపకశక్తి నకలుగా వస్తుంది, యాదృచ్ఛిక సంఖ్యల యంత్రం స్థితి కూడా అందులో భాగమే. ఆరూ మొదటిసారి అడిగినప్పుడు ఒకే సంఖ్య వస్తుంది. పైథాన్ టెంప్‌ఫైల్ మాడ్యూలు ఈ కారణంగానే ప్రాసెస్ సంఖ్య మారిందో లేదో చూసుకుని, మారితే కొత్త యాదృచ్ఛిక యంత్రాన్ని తెచ్చుకుంటుంది. నువ్వు చేతితో రాసుకుంటే ఆ జాగ్రత్త నువ్వే తీసుకోవాలి. ఎంకేఎస్‌టెంప్ ఉండగా రాసుకోవడం ఎందుకు?

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఒక సరదా సంగతి. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు తన తాత్కాలిక ఫైళ్ళకు మొదట్లో తన పేరునే ముందుమాటగా పెట్టేది. ఒక యాంటీవైరస్ ఉత్పత్తిలో ఎస్‌క్యూలైట్ వాడడం వల్ల ఆ ఫైళ్ళు వాడుకరుల విండోస్ టెంప్ డైరెక్టరీల్లో పోగుపడ్డాయి. చూసినవారు ఆ పేరు పట్టుకుని వెతికి, ఎస్‌క్యూలైట్ రాసినవారికి ఫోన్ చేసి గొడవ పెట్టడం మొదలుపెట్టారు. 2006లో ముందుమాటను తలకిందులు చేసి "ఎటిల్‌క్స్" అని మార్చారు. కారణం సోర్సు కోడులోనే రాసి ఉంది.

---

బొబ్బిలి_వీణ · సోమవారం ఉదయం 7.10

పలాస గారికి నా సలహా వేరు. అసలు ఫైలే లేకపోతే పేరు ఢీకొనే గొడవే ఉండదు. యూనిట్ డేటాబేసు నుంచి కాపీ ఆజ్ఞతో ఫలితాన్ని స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు పంపి, పైపు ద్వారా నేరుగా ప్రధాన డేటాబేసు కాపీ ఆజ్ఞకు అందించవచ్చు. డిస్కు మీద ఒక్క అక్షరం కూడా పడదు.

---

గంటస్తంభం_దగ్గర · సోమవారం ఉదయం 7.55

పైపు అందంగానే ఉంటుంది, కానీ ఈ పనికి నేను ఒప్పుకోను. యూనిట్ల దగ్గర ఇంటర్నెట్ మధ్యలో తెగితే, పైపు ఎడమవైపు ప్రాసెస్ చచ్చిపోతుంది, కుడివైపు ప్రాసెస్‌కు ఫైలు ముగిసిందనే సంకేతం మాత్రమే అందుతుంది. వరుస చివర తెగితే సగం డేటా పూర్తి డేటాలా కమిట్ అయిపోతుంది. పైపులో ఏ భాగం విఫలమైనా చెప్పే పైప్‌ఫెయిల్ పెట్టినా అది స్క్రిప్టుకు తెలుస్తుంది, కమిట్ అప్పటికే జరిగిపోయి ఉంటుంది. ఫైలు ఉంటే ముందు వరుసలు లెక్కపెట్టి, యూనిట్ చెప్పిన లెక్కతో సరిచూసి, ఆ తరువాతే ఎక్కించవచ్చు. తేడా వస్తే మర్నాడు ఆ ఫైలును విప్పి చూడవచ్చు. బొబ్బిలి గారు ఈ మధ్య ఎన్ని రాత్రులు సగం డేటా వెతికారో నాకు తెలియదు గానీ, నేను చాలా వెతికాను.

నా పద్ధతి ఇది. స్క్రిప్టు మొదలుకాగానే ఎంకేటెంప్ అనే షెల్ ఆజ్ఞను డైరెక్టరీ ఐచ్ఛికంతో ఒక్కసారి నడిపించి (పేరు పాత ఫంక్షన్‌దే అయినా ఈ ఆజ్ఞ నిజంగా సృష్టించే ఇస్తుంది), ఆ రాత్రికి ఒక సొంత డైరెక్టరీ తెచ్చుకోవాలి. దాని లోపల యూనిట్ కోడులే ఫైళ్ళ పేర్లు. యూనిట్ కోడు డేటాబేసులో ప్రైమరీ కీ కాబట్టి రెండు ఒకటయ్యే ప్రశ్న లేదు, పైగా ఉదయం చూసేటప్పుడు ఏ ఫైలు ఎవరిదో పేరే చెబుతుంది. నిన్న చెప్పిన పోస్ట్‌గ్రెస్ పద్ధతికి ఇది చిన్న నకలు.

నిన్నటి స్క్రిప్టు ముగియకముందే ఈ రోజుది మొదలైతే రెండు డైరెక్టరీలు వస్తాయి, ఫైళ్ళు కలవవు, కానీ డేటా రెండుసార్లు ఎక్కుతుంది. దానికి పేర్లు మందు కాదు, స్క్రిప్టు మొదట్లో, ఒకేసారి ఒక్కటే నడిచేలా ఎఫ్‌లాక్ పెట్టాలి.

---

పలాస_లెక్కలు · సోమవారం రాత్రి 11.40

గంటస్తంభం గారు చెప్పినట్టే మార్చి నడిపించాను. ఆరు ఫైళ్ళు వేరు వేరుగా చక్కగా వచ్చాయి. ఒక్కటి కూడా ఎక్కలేదు! అన్నింటికీ అనుమతి లేదనే దోషమే. విసుగొచ్చి ఆ డైరెక్టరీకి 777 (అందరికీ అన్ని హక్కులూ) అనుమతి ఇవ్వబోతూ, ముందు మిమ్మల్ని అడుగుదామని ఆగాను.

---

రాజాం_రోడ్డు · మంగళవారం ఉదయం 6.30

ఆగి మంచి పని చేశారు. ఎంకేటెంప్ సృష్టించే డైరెక్టరీకి అనుమతులు 700, అంటే మీకు తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. మీరు వాడే కాపీ ఆజ్ఞలో ఫైలును తెరిచేది మీ స్క్రిప్టు కాదు, డేటాబేసు సర్వరు ప్రాసెస్. అది పోస్ట్‌గ్రెస్ అనే వాడుకరి పేరుతో నడుస్తుంది. పాత ఫైలు ఉమ్మడి డైరెక్టరీలో అందరూ చదవగలిగేలా ఉండేది కాబట్టి ఇన్నాళ్ళూ సాగింది. అంటే ఆ యంత్రం మీద లాగిన్ ఉన్నవారెవరైనా మీ లాట్ల లెక్కలు చదవగలిగేవారు కూడా.

పోస్ట్‌గ్రెస్ క్లయింటు ప్రోగ్రాము పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే కాపీ ఆజ్ఞ వాడండి. అప్పుడు ఫైలును మీ పేరుతో నడిచే పీఎస్‌క్యూఎల్ తెరిచి, లోపలి డేటాను కనెక్షన్ మీదుగా సర్వరుకు పంపుతుంది. అనుమతులు ముట్టుకోనక్కరలేదు. డేటాబేసులో మీ స్క్రిప్టుకు సూపర్‌యూజర్ హక్కు ఇచ్చి ఉంటే, అది కూడా ఇక అవసరం ఉండదు.

---

బొబ్బిలి_వీణ · మంగళవారం ఉదయం 9.00

పైపు విషయంలో గంటస్తంభం గారి మాట ఒప్పుకుంటున్నాను. తనిఖీ చేసి ఎక్కించాలంటే ఫైలు కావాలి.

ఒకవేళ ముందు ముందు ఆ ఫైళ్ళను మరో ప్రోగ్రాము తీసుకునే డైరెక్టరీలో పెట్టవలసి వస్తే, నేరుగా అక్కడ రాయవద్దు. తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక రీనేమ్ చేయండి. ఒకే ఫైల్‌సిస్టం లోపల రీనేమ్ ఒక్క క్షణంలో జరిగే అవిభాజ్యమైన పని, చూసేవారికి సగం ఫైలు ఎన్నడూ కనిపించదు. టెంప్ డైరెక్టరీ వేరే ఫైల్‌సిస్టం మీద ఉంటే మాత్రం రీనేమ్ కాల్ విఫలమవుతుంది. ఫైళ్ళను జరిపే ఎంవీ ఆజ్ఞ ఆ సంగతి చెప్పకుండా కాపీ చేసి పాతది తీసేస్తుంది, అప్పుడు సగం ఫైలు కనిపించే ప్రమాదం మళ్ళీ వచ్చినట్టే. కాబట్టి తాత్కాలిక ఫైలు గమ్యం ఉన్న ఫైల్‌సిస్టం మీదే పుట్టాలి.

---

పలాస_లెక్కలు · ఆదివారం ఉదయం 8.15

నిన్న శనివారం బట్వాడా రాత్రి. ఐదు యూనిట్లు 9.10కి, 9.22కి మధ్య మూశాయి, ఆరోది పదింటికి మూసింది. ఆరు ఫైళ్ళూ వరుసల లెక్క సరిచూసుకుని ఎక్కాయి. ఉదయం గ్రేడులవారీ మొత్తాలను యూనిట్ల రిజిస్టర్లతో పోల్చాను, ఒక్క డబ్బా తేడా లేదు.

పాత మూడు ఆదివారాల డేటా తీసేసి, యూనిట్ల డేటాబేసుల నుంచి మళ్ళీ తెప్పించాను. బొబ్బిలి గారు ఊహించినట్టే మొదటి రెండు ఆదివారాల్లో ఒక యూనిట్ వరుసలు రెండు కోడులతో ఎక్కి ఉన్నాయి. వాటితో పాటు ఒక బుధవారం కూడా దొరికింది. ఆ రోజు రెండు యూనిట్లు కరెంటు పోయి వచ్చాక ఒకేసారి మూశాయట. అది ఎవరి కంటా పడలేదు, డబ్ల్యూ 320 మొత్తం మామూలుగానే కనిపించింది.

ఒక సందేహం మిగిలింది. స్క్రిప్టు ముగిసేటప్పుడు డైరెక్టరీని తీసేయడానికి ట్రాప్ పెట్టాను. శుక్రవారం పరీక్ష కోసం స్క్రిప్టును కిల్ మైనస్ 9తో ఆపితే డైరెక్టరీ అలాగే ఉండిపోయింది. ఇవి పోగుపడితే ఎలా?

---

పొందూరు_నూలు · ఆదివారం ఉదయం 9.05

9వ సంకేతాన్ని ఏ ప్రాసెస్ కూడా పట్టుకోలేదు, కాబట్టి ట్రాప్‌కు అవకాశం రాదు. ఎఫ్‌లాక్ మాత్రం దాన్ని పట్టుకున్న ప్రాసెస్‌లన్నీ పోగానే కెర్నెలే వదిలేస్తుంది. వెనుక నడుస్తున్న సబ్‌షెల్‌లకు ఆ లాక్ ఫైలు వారసత్వంగా వస్తుంది కాబట్టి, స్క్రిప్టు చచ్చినా అవి బతికి ఉన్నంతసేపూ లాక్ నిలుస్తుంది. నీకు కావలసిందీ అదే. ఇక లాక్ చేతికి వచ్చిందంటే పాత స్క్రిప్టు గానీ దాని పిల్లలు గానీ ఎవరూ బతికి లేరని తెలిసినట్టే. లాక్ దొరికిన వెంటనే, కొత్త డైరెక్టరీ సృష్టించే ముందు, నీ ముందుమాటతో ఉన్న పాత డైరెక్టరీలను తీసేయి. లైనక్సు సేవలను నడిపే సిస్టమ్‌డీ కూడా చాలా యంత్రాల్లో టెంప్ డైరెక్టరీలో 10 రోజులు దాటినవాటిని ఊడ్చేస్తుంది, కానీ దాని మీద ఆధారపడకు. ఏదైనా రాత్రి తేడా వచ్చి ఆ ఫైళ్ళు విప్పి చూడవలసి ఉంటే, ఊడ్చే ముందు వాటిని వేరే చోటికి తరలించుకో.

---

పలాస_లెక్కలు · ఆదివారం ఉదయం 9.40

అలాగే మాస్టారూ. లాక్ వరుస కింద ఊడ్చే వరుస పెట్టాను. శుక్రవారం మిగిలిన డైరెక్టరీ ఇప్పుడే పోయింది.